మైనస్ ఒకటా, మైనస్ పదిహేనా?

ఈరోజు భోజనాలయ్యాక, సీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవారికి మొదట్లోనే ఇచ్చే ఒక లెక్క ముందేసుకుని కూర్చున్నాను. రెండు ఇంగ్లిషు పదాలు ఇస్తారు. పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాల తేడా పట్టించుకోకుండా వాటిని పోల్చి, అక్షరక్రమంలో మొదటి పదం ముందైతే మైనస్ ఒకటి, వెనకైతే ఒకటి, రెండూ ఒకటే అయితే సున్నా ప్రింట్ చేయాలి. ముప్పై ఏళ్లుగా జమాఖర్చులు సరిచూస్తున్న నాకు ఇదొక లెక్కా అనుకున్నాను.

బడుల సంగతి తొందరగానే తేలింది. కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఒక అంకెగా, అంటే కోడుగా, గుర్తుపెట్టుకుంటుంది. పెద్దబడి ‘ఏ’ కోడు 65, చిన్నబడిది 97. ఇరవయ్యారు అక్షరాలకూ తేడా 32 కనుక, ఆ 32 కలిపితే సరిపోతుంది. పోల్చే పని సీలో ఉన్న ఫంక్షన్‌కు అప్పగించి, అది ఇచ్చిన అంకెనే ప్రింట్ చేశాను. నా విండోస్ ల్యాప్‌టాప్‌లో ప్రతిసారీ సరైన జవాబే వచ్చింది, లెక్క ఇచ్చినవాళ్లకు పంపితే మాత్రం తప్పని తిరిగొచ్చింది. గంటన్నర సేపు తప్పులేని చోటల్లా వెతికాను.

“నాన్నా, నా లినక్స్‌లో ఒకసారి రన్ చేసి చూద్దామా?” అంది అమ్మాయి. తన ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు ఉన్నది అదే. ‘డాగ్’, ‘సన్’ ఇచ్చాం. నా దగ్గర మైనస్ ఒకటి వచ్చిన చోట అక్కడ మైనస్ పదిహేను వచ్చింది. ‘డి’ 100, ‘ఎస్’ 115. ఆ తేడానే తెచ్చి చేతిలో పెట్టింది. సున్నాకు తక్కువో ఎక్కువో చెబుతానన్నదే తప్ప, ఎంత తక్కువో ఆ ఫంక్షన్ ఎన్నడూ మాట ఇవ్వలేదు. పుస్తకంలో ఆ వాక్యం ఉండనే ఉంది, దాటేసింది నేనే. సున్నాకు తక్కువైతే మైనస్ ఒకటి, ఎక్కువైతే ఒకటి అని రెండు ‘ఇఫ్’ షరతులు చేర్చగానే లెక్క కుదిరింది.

అంతటితో ఊరుకోలేక, ఆమె ల్యాప్‌టాప్‌లోనే ‘కవి’, ‘కళ’ ఇచ్చి చూశాను. తెలుగుకు బడుల బెడద లేదు కదా! అయినా ‘కళ’యే ముందని తేల్చింది. పలక మీద దిద్దిన వరుసలో ‘ళ’ది ‘హ’ తరువాతి చోటు. అన్ని భాషల అక్షరాలకూ కోడ్‌లిచ్చే యూనికోడ్‌లో దాన్ని ‘ల’ పక్కన, ‘వ’ కంటే ముందు కూర్చోబెట్టారు.

“అది బగ్ కాదు నాన్నా” అని ఆమె పడుకోవడానికి వెళ్లిపోయింది. మన వరుస ప్రకారం పోల్చే ఫంక్షన్ నేనే రాద్దామని నోటుపుస్తకంలో అక్షరమాల రాసుకోవడం మొదలుపెట్టాను. ‘ళ’ వరకు సాఫీగా సాగి, ‘క్ష’ దగ్గర కలం ఆగింది. మనకు అది ఒకే అక్షరం, యంత్రానికి మాత్రం ‘క’, పొల్లు, ‘ష’ అని మూడు.