విటెన్‌బర్గ్ చర్చి గోడ మీద

గుంటూరులో మా తాతగారి ఇంటి ముందు గదిలో రెండు పటాలుండేవి. ఒకటి 1842లో గుంటూరు వచ్చి మా లూథరన్ క్రైస్తవ సంఘానికి పునాది వేసిన ఫాదర్ హయ్యర్‌ది, రెండోది ఆ సంఘానికి పేరిచ్చిన జర్మను మత సంస్కర్త మార్టిన్ లూథర్‌ది. ఏటా అక్టోబరు 31న లూథర్ కథ వింటూ పెరిగినవాణ్ణి. అందుకే బెర్లిన్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లగానే లూథర్ ఊరు విటెన్‌బర్గ్ చూపించమని అడిగాను.

రైల్లో గంటలోపే చేరాం. కోట చర్చికి ఇప్పుడున్నది 1858లో పెట్టిన కంచు తలుపు. 1517 అక్టోబరు 31న చర్చి పద్ధతులను తప్పుపడుతూ లూథర్ ఆ తలుపుకు కొట్టాడని చెప్పే 95 వాదాలూ దాని మీద పోతపోసి ఉన్నాయి. లోపల లూథర్ సమాధి దగ్గర ప్రార్థన చేసుకుని, ఆయన ఏళ్ల తరబడి ప్రసంగించిన సెయింట్ మేరీ చర్చికి నడిచాం. ద్వారం వైపు వెళ్లబోతుంటే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని గోడ పక్కకు తీసుకెళ్లింది.

"నాన్నా, అటు పైకి చూడండి."

రాతిలో చెక్కిన ఆడపంది. దాని పొదుగు పట్టుకుని పాలు తాగుతున్న మనుషులు, తలల మీద మొనదేలిన టోపీలు. అది ఆ కాలపు యూదుల గుర్తు. ఇంకొకడు తోక ఎత్తి వెనక నుంచి లోపలికి చూస్తున్నాడు. పందిని అపవిత్రమని ముట్టని జనాన్ని ఇంతకంటే నీచంగా అవమానించడం కుదరదు. 13వ శతాబ్దం చివర చెక్కిన బొమ్మ అది. దాని పైన, 1570లో చేర్చిన అక్షరాలు: "రబీని షేమ్ హాంఫోరాస్". యూదులు భయభక్తులతో పెదవులపైకి కూడా రానివ్వని దేవుని నామాన్ని సూచించే మాట అది.

ఆ వెక్కిరింత లూథర్ రాతల్లోంచి వచ్చిందే. 1523లో, యేసు యూదుడిగానే పుట్టాడని, యూదులతో దయగా ఉండాలని రాసిన మనిషి ఆయన. వాళ్లు తన బోధ వైపు రాలేదు. 1543లో వాళ్ల ప్రార్థనాలయాలైన సమాజమందిరాలు తగలబెట్టాలనీ, ఇళ్లు కూలగొట్టాలనీ, ప్రార్థన పుస్తకాలు లాక్కోవాలనీ పాలకులకు సలహా ఇచ్చాడు. అదే ఏడాది రాసిన మరో పుస్తకంలో ఈ బొమ్మనే వర్ణించి నవ్వుకున్నాడు. 1938 నవంబరులో నాజీలు సమాజమందిరాలు తగలబెట్టినప్పుడు, థురింగియా బిషప్ మార్టిన్ సాసె, అవి లూథర్ పుట్టినరోజున కాలుతున్నాయని సంతోషిస్తూ ఒక చిన్న పుస్తకమే అచ్చు వేశాడు. బిషప్! నాకు కాళ్లలో సత్తువ పోయినట్టయింది.

ఇవేవీ నాకు ఆదివారపు బడిలో ఎవరూ చెప్పలేదు. కానీ ప్రతి శుభ శుక్రవారం "యూదులు మన ప్రభువును చంపారు" అన్న మాట విన్నాను, పిల్లలకు నేనూ చెప్పాను. ఒక్క యూదుణ్ణయినా చూడకుండానే చెప్పాను. సిలువ వేయించింది రోమా అధిపతి పిలాతు అన్నది చదివీ చెప్పాను. ఈ గోడ కింద నిలబడి దానికి సిగ్గుపడ్డాను.

బొమ్మను తీసేయాలని ఒక యూదుడు కోర్టుకెక్కితే, కింద స్మారకం, వివరణ బోర్డు ఉన్నాయి కాబట్టి ఉంచవచ్చని 2022లో సివిల్ కేసుల్లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. చరిత్ర తెలియాలన్న వాదన నాకు అర్థమవుతుంది. అయినా ఆరాధన జరిగే గోడ మీద అది ఉండకూడదు. దించి మ్యూజియంలో పెట్టి, అక్కడ చెప్పాలి ఈ చరిత్ర.

ఆ స్మారకం 1988లో నేల మీద పరిచిన కంచు పలకలు. పలకల సందుల్లోంచి, ఎంత అణచినా అణగని ఏదో పైకి ఉబికి వస్తున్నట్టు పోతపోశారు. సందులు కలిసి సిలువ ఆకారం కట్టాయి. దేవుని నామం అరవై లక్షల మంది యూదులలో ఒక సిలువ గుర్తు కింద చనిపోయిందని దాని మీద రాసి ఉంది. అమ్మాయి వంగి హీబ్రూ అక్షరాలు చూపించింది.

"ఇది 130వ కీర్తన నాన్నా. మీకు కంఠతా వచ్చు కదా, చెప్పండి."

చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిన వాక్యమే. అగాధస్థలములలోనుండి మొఱ్ఱపెట్టుచున్నాను అని. మన తెలుగు బైబిల్లో ఆ వాక్యం "యెహోవా" అన్న పిలుపుతో మొదలవుతుంది. తల పైన ఆ అక్షరాలున్నాయి. నోరు తెరిచాను గానీ ఆ మొదటి మాట రాలేదు. అమ్మాయి కాసేపు చూసి, నా పక్కనే రాళ్ల మీద కూర్చుంది.