పచ్చ టిక్కు చూసి నమ్మకండి

అనంతపురంలో చీనీకాయల వ్యాపారుల ఆటోమేషన్లు నేను చూస్తుంటాను. లారీ లోడ్ కాగానే గుమాస్తా గూగుల్ షీట్‌లో ఒక వరుస నింపుతాడు. ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి డేటా చేరవేసే జాపియర్ అనే సర్వీసు దాన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి పంపితే అక్కడ బిల్లు తయారవుతుంది. ఎక్కడ ఆగినా నాకే ఫోన్: "పొద్దున్నుంచి ఒక్క బిల్లూ రాల్యా అన్నా!"

ఎర్రగా ఎర్రర్ చూపిస్తే నాకు టెన్షన్ లేదు. 401 అంటే లాగిన్ అనుమతి పోయింది, మళ్లీ కనెక్ట్ చేయాలి. 429 అంటే రిక్వెస్టులు మరీ ఎక్కువగా వెళ్లాయి, గ్యాప్ ఇవ్వాలి. షీట్‌కి కనెక్ట్ కావడానికి సొంతంగా పెట్టుకున్న గూగుల్ యాప్‌ని పబ్లిష్ చేయకుండా టెస్టింగ్‌లోనే వదిలేస్తే రిఫ్రెష్ టోకెన్ (మళ్లీ మళ్లీ లాగిన్ అడగకుండా కనెక్షన్‌ని నిలిపే తాళంచెవి లాంటిది) 7 రోజులకే చెల్లకుండా పోతుంది. వారం వారం ఆగిపోతోందంటే ముందు అది చూడండి.

నాకు భయమల్లా అంతా సక్సెస్ అని చూపిస్తూ తప్పు బిల్లు వెళ్లినప్పుడే. ఒక వ్యాపారికి అలాగే జరిగింది. సరుకు ఇంకా దారిలో ఉండగానే ఢిల్లీ పార్టీకి 'బాకీ గడువు దాటింది' అని మెసేజ్ పోయింది. పాత పార్టీ, ఎంత నొచ్చుకుని ఉంటారో!

జాపియర్ హిస్టరీలో ఆ బిల్లు తెరిచి, లోపలికి వచ్చిన డేటా, బయటికి వెళ్లిన డేటా పక్కపక్కన పెట్టి చూశాను. షీట్‌లో గుమాస్తా కొట్టింది 05/08, అంటే ఆగస్టు 5. బిల్లులో పడింది మే 8. షీట్ సెట్టింగ్స్‌లో లొకేల్ (ఏ దేశం పద్ధతిలో తేదీలు చదవాలో చెప్పేది) యునైటెడ్ స్టేట్స్ అని ఉంది, అందుకే నెల ముందు, తేదీ వెనక. మరి నెలలో 13వ తేదీ నుంచి పడిన బిల్లులన్నీ ఎందుకు సరిగ్గా ఉన్నాయి? పదమూడో నెల లేదు కాబట్టి షీట్ వాటిని తేదీగా తీసుకోకుండా ఉత్త అక్షరాలుగా వదిలేసింది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సరిగ్గానే చదువుకుంది. ఆ కాలమ్ చూస్తేనే తెలిసిపోతుంది: తేదీలు కుడివైపుకి, అక్షరాలు ఎడమవైపుకి అంటుకుని ఉంటాయి. లొకేల్ ఇండియాకి మార్చినా పాతవి వాటంతటవే మారవు, మళ్లీ కొట్టాల్సిందే.

ఇంకో మాట. ఆగిన వాటిని మళ్లీ నడిపించడానికి గబగబా రీప్లే కొట్టొద్దు. అవతల బిల్లు అప్పటికే తయారై ఉంటే ఒకే లారీకి రెండు బిల్లులు పడతాయి, పార్టీ ఖాతాలో బాకీ రెట్టింపవుతుంది. నేనైతే ముందు బిల్టీ (లారీ సరుకు రసీదు) నంబరుతో వెతికి, లేకపోతేనే కొత్త బిల్లు చేసేలా ఒక స్టెప్పు పెడతాను.

ఇప్పుడు గుమాస్తాలు సాయంత్రం కొట్టు కట్టేముందు లారీలెన్ని, బిల్లులెన్ని అని లెక్క సరిచూసి, ఏవైనా రెండు బిల్లుల్లో తేదీ కూడా చూస్తున్నారు. తేడా ఉంటే ఆ రాత్రే నాకు ఫోన్ చేయమన్నాను, లారీ దారిలో ఉండగానే దిద్దేయొచ్చు.