సలేశ్వరం లింగమయ్య దగ్గరికి నడక

నల్లమల లోయలో, లింగమయ్య అని పిలుచుకునే శివుడి గుహ ఉన్న సలేశ్వరాన్ని పేపర్లవాళ్లు 'తెలంగాణ అమర్‌నాథ్' అని రాస్తారు. ఆ పేరు చూసి బయలుదేరేవాళ్లకు ముందే చెబుతున్నా, అక్కడ ఉండేది మంచు కాదు, చైత్రమాసపు ఎండ. నల్లమలలో సగం చెట్లు ఆకు రాల్చేసి మోడుల్లా నిలబడే కాలం, నీడ దొరుకుతుందనుకున్న చోట ఎండిన వెదురు పొదలే కనిపిస్తాయి. ఏటా చైత్ర పౌర్ణమి చుట్టూ మూడు నాలుగు రోజులు మాత్రమే యాత్రకు దారి తెరుస్తారు, మిగతా కాలమంతా అది అమ్రాబాద్ పులుల అడవి.

మేము సరిగ్గా పౌర్ణమి రోజే వెళ్లాం. ఒకరోజు ముందు వెళితే జనం తక్కువ ఉంటారని నేను, పౌర్ణమి కాకపోతే ఇంకెందుకు పోవడమని పెద్దమ్మ. మొక్కు ఆవిడది కాబట్టి ఆవిడ మాటే నెగ్గింది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని కల్వకుర్తి, డిండి, మన్ననూరు దాటాక ఫరహాబాద్ గేటు వస్తుంది, అక్కడ హైవే వదిలేసి అడవిలోకి తిరగాలి. రాత్రిపూట లోపలికి పోనివ్వరు, పగలే వెళ్లి పగలే బయటపడాలి. గేటు దగ్గర ప్లాస్టిక్ సంచులు తీయించేశారు, మంచి పనే. అక్కడి నుంచి రాంపూర్ పెంట అనే చెంచు గూడెం దాకా మట్టిరోడ్డు, ముందు బండి లేపిన దుమ్ము వెనక బండి వాళ్ల ముఖాన.

పెంట దగ్గర బండ్లు ఆగిపోతాయి. ఆపైన నాలుగైదు కిలోమీటర్లు కాలినడకే, అందులో ఎక్కువ భాగం రాళ్ల మీద దిగుడు. పెద్దమ్మ చెప్పులు సంచిలో వేసుకుంది. కాళ్లు కాలతాయి పెద్దమ్మా అంటే, "నువ్వు నడువ్ బిడ్డా, నేను వస్త" అని నాకంటే ముందే దిగడం మొదలుపెట్టింది.

ఈ దారిలో నాకు బాగా నచ్చింది లింగమయ్యను పిలిచే పిలుపులు. దిగేవాళ్లు "వత్తన్నం వత్తన్నం లింగమయ్యో" అంటారు, దర్శనం చేసుకుని ఎక్కేవాళ్లు "పోతున్నం పోతున్నం లింగమయ్యో" అంటారు. మొదట్లో భక్తి కొద్దీ అరుస్తున్నారులే అనుకున్నాను గానీ, లోయ సన్నబడ్డాక అర్థమైంది, అది పనికొచ్చే అరుపు కూడా. ఒకపక్క నిటారు బండ, ఇంకోపక్క లోతు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఆగాల్సిందే. మలుపు అవతల ఎవరున్నారో కనిపించదు, అయినా "పోతున్నం" అని వినబడగానే మనం బండకు అతుక్కుని నిలబడతాం, వాళ్లు దాటిపోతారు. హారన్ లాంటిదే అనుకోండి. తెలియని కుర్రాళ్లు కొందరు దిగేటప్పుడు కూడా "పోతున్నం" అని అరుస్తుంటే వెనక ఒక ముసలాయన ఆగి మరీ తిట్టాడు.

జారుడు బండలు ఉన్నచోట చెంచు కుర్రాళ్లు నిలబడి చెయ్యి అందిస్తున్నారు. పెద్దగా మాట్లాడరు, అడుగు ఎక్కడ వెయ్యాలో కళ్లతోనే చూపిస్తారు. లింగమయ్యకు పూజ చేసేది కూడా చెంచులే. శ్రీశైలం మల్లన్నను తమ ఇంటి అల్లుడని చెప్పుకునే మనుషులు వాళ్లు, కాబట్టి ఈ నాలుగు రోజులూ మనం వాళ్లింటికి చుట్టపుచూపుగా వెళ్తున్నట్టే లెక్క. ఆ సంగతి గుర్తుంటే అన్నం పొట్లాలు అక్కడే పడేసి రాము.

లోయ చివర రెండు కొండలు దగ్గరికొచ్చి, పొరలు పొరలుగా పేర్చినట్టున్న బండ మీద నుంచి నీళ్లు పడతాయి. వానాకాలం ఎలా ఉంటుందో గానీ ఎండాకాలంలో చిన్న ధారే. అంత ఎత్తు నుంచి పడేసరికి గాలికి చెదిరి సగం తుంపరగా మారిపోతుంది. కానీ కింద గుండంలో నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే, పొద్దుటి నుంచి ఎండలో నడిచిన ఒళ్లు ఒక్కసారి జలదరించింది. బట్టలతోనే మునుగుతున్నారు అందరూ. పెద్దమ్మ ధార కింద కదలకుండా నిలబడింది, వెనకవాళ్లు "జరుగమ్మా, జరుగమ్మా" అంటున్నా వినిపించుకోలేదు. ఈ నీళ్లు తాగితే రోగాలు పోతాయని నమ్మకం, అందుకని స్టీలు క్యాన్ నింపుకుంది. అది పైకి మోసింది మాత్రం నేను.

గుహలో లింగమయ్య దర్శనం మహా అయితే అర నిమిషం. తోపులాటలో కొబ్బరికాయ ఇచ్చి, దండం పెట్టి, బయటపడ్డాం. లైనులో ఒకాయన ఇక్కడికి రోప్‌వే వేస్తే ఎంత బాగుంటుందో అని మొదలుపెట్టాడు. నాకైతే ఆ ఆలోచనే నచ్చలేదు. మరీ ఇరుకైన చోట పట్టుకోవడానికి ఒక గొలుసు, మధ్యలో తాగడానికి నీళ్లు, లోయలోకి ఒకేసారి దిగే జనానికి ఒక హద్దు, ఇవి చాలు. సులువుగా వెళ్లగలిగితే ఏడాదంతా వెళ్తారు, అప్పుడు ఆ అడవి ఎవరికీ మిగలదు. అన్నట్టు ఆ ఇరుకులోనే ఆగి సెల్ఫీలు దిగేవాళ్లకు మాత్రం దండం.

తిరుగు ప్రయాణమే అసలు పరీక్ష. దిగేటప్పుడు మోకాళ్లు వణికితే, ఎక్కేటప్పుడు ఊపిరి అందదు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు దయచేసి దిగకండి, పైకి మోసుకురావడం ఎవరి తరమూ కాదు. పెంటకు చేరేసరికి ఎవరో పుణ్యాత్ములు అన్నదానం పెట్టారు, సాంబారన్నం, మజ్జిగ. నేను మూడోసారి మజ్జిగ కోసం గ్లాసు చాపుతుండగా అచ్చంపేట బస్సు కదులుతోందని కేకలు. పరుగెత్తి ఎక్కి చూస్తే, పెద్దమ్మ అప్పటికే కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద తడి తువ్వాలు వేసి, "మా బిడ్డ వస్తున్నడు" అని ఎవరితోనో గట్టిగా పోట్లాడుతోంది.