టకోమాకు 33 అంగుళాల టైర్లు: లిఫ్ట్ చేసినా ఎందుకు రాసుకుంటాయి?

టొయోటా టకోమా పికప్‌కు మూడంగుళాల లిఫ్ట్ (సస్పెన్షన్ మార్చి బండిని పైకెత్తడం) వేయిస్తే 33 అంగుళాల టైర్లు వాటంతటవే పట్టేస్తాయని చాలామంది నమ్మకం. పట్టవు. లిఫ్ట్ వల్ల పెరిగేది బండి నిలబడి ఉన్నప్పటి ఎత్తు మాత్రమే. గుంటలో పడి సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు టైరు ఫెండర్‌లోకి ఎంతవరకు దూరాలో తేల్చేది బంప్ స్టాప్, అంటే సస్పెన్షన్ ఇంకా నొక్కుకోకుండా ఆపే దిమ్మ. దాన్ని మార్చనంతకాలం, లిఫ్ట్‌కు ముందు ఎంత దూరేదో తర్వాతా అంతే దూరుతుంది. ఇక స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు తగిలేది క్యాబిన్‌ను ఛాసిస్‌కు బిగించే బ్రాకెట్‌కు. దాన్నే క్యాబ్ మౌంట్ అంటారు. అది టైరుకు వెనక ఉంటుంది, పైన కాదు. బండిని ఆకాశానికి ఎత్తినా ఆ దూరం పెరగదు.

ఈ లెక్కలన్నీ 2016 నుంచి 2023 దాకా వచ్చిన మూడో తరం టొయోటా టకోమావి. అమెరికాలో మనవాళ్లు కొనే పికప్‌లలో ఇదీ ఒకటి. మిగతా పికప్‌లకు అంకెలు మారతాయి గానీ సూత్రం ఇదే.

టైరు మీది అంకెల్లో మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది పక్కగోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. చాలా మోడళ్లకు కంపెనీ ఇచ్చే 265/65ఆర్17 టైరు ఎత్తు సుమారు 776 మిల్లీమీటర్లు, అంటే 30.6 అంగుళాలు. అందరూ 33 అని పిలిచే 285/70ఆర్17 నిజానికి 32.7 అంగుళాలు, 831 మిల్లీమీటర్లు. తేడా 55 మిల్లీమీటర్లు కాబట్టి, ముందుకు 27, వెనక్కి 27, పైకి 27 చొప్పున టైరు చోటు ఆక్రమిస్తుంది. వెడల్పు 20 పెరుగుతుంది, అందులో సగం లోపలికి. ఆ వెనక్కి పెరిగిన 27 మిల్లీమీటర్లతోనే అసలు తంటా. మధ్యలో 265/70ఆర్17 అని ఒకటుంది, 31.6 అంగుళాలు. కంపెనీ రిమ్ములే ఉంచుకుంటే చాలా బండ్లకు ఇది కోతల్లేకుండా, మహా అయితే లోపలి ప్లాస్టిక్ లైనర్ కాస్త సర్దితే పట్టేస్తుంది. వారమంతా ఆఫీసుకు, ఎప్పుడో ఒకసారి మట్టిదారికి వెళ్లే బండికి ఇది చాలు. 33 మోజుకు ఇది మందు కాదనుకోండి, అది వేరే సంగతి.

చాలామంది చెడగొట్టుకునేది రిమ్ము దగ్గర. కంపెనీ రిమ్ము వెడల్పు 7.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీతకూ హబ్‌కు ఆనే ముఖానికీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) +30. అది తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. చూడ్డానికి బాగుంటుందని 8.5 వెడల్పు, సున్నా ఆఫ్‌సెట్ రిమ్ము వేస్తే బయటి అంచు 43 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. స్టీరింగ్ తిరిగే ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. దానికి టైరు ఎంత దూరం జరిగితే తిప్పినప్పుడు అంత పెద్ద వలయం గీస్తుంది. దాంతో వెనక క్యాబ్ మౌంట్‌కూ, ముందు బంపర్ మూలకూ రెండింటికీ తగులుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో టైరు ఫెండర్ బయటికి పొడుచుకు రాకూడదన్న నిబంధన కూడా ఉంది. +30లోనే 285 వేస్తే లోపలివైపు అప్పర్ కంట్రోల్ ఆర్మ్‌కు (చక్రాన్ని పైనుంచి ఛాసిస్‌కు కలిపే చెయ్యి) బాగా దగ్గరవుతుంది. మధ్యలో వేలు దూరకపోతే ఆ రిమ్ము వద్దు. ఈ రెండు కొసల మధ్య +10, +15 దగ్గర ఆగడం మేలు. రిమ్ము కొనేటప్పుడు 6 బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల పిచ్ (బోల్టుల వలయం వ్యాసం), 106.1 హబ్ బోర్ (మధ్య రంధ్రం) సరిచూసుకోండి.

టైర్లు బిగించాక రోడ్డెక్కే ముందు పరీక్ష. టైరు రెండు భుజాల మీదా చాక్‌పీస్ మందంగా పులమండి. ఖాళీ స్థలంలో స్టీరింగ్ కుడికి పూర్తిగా తిప్పి ముందుకు, తర్వాత వెనక్కి నడపండి. ఎడమకూ అలాగే. రివర్స్ మరిచిపోవద్దు, ముందుకు వెళ్తే తగలనిది రివర్స్‌లో తగలడం మామూలే. తర్వాత ఒక ముందు చక్రాన్ని ర్యాంపు ఎక్కించి, ఆ వైపు సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు ఇదంతా మళ్లీ చేయండి. చాక్ ఎక్కడ అంటుకుందో అక్కడ పని ఉంది.

ముందు తేలికవి చూడండి. మడ్ ఫ్లాప్‌లు తీసేయాలి. లైనర్‌ను హీట్ గన్‌తో మెత్తబరిచి వెనక్కి నొక్కి జిప్ టైలతో కట్టాలి. దాని వెనక రెండు రేకులు కలిసే అతుకు అంచు నిక్కి ఉంటుంది, దాన్ని సుత్తితో వెనక్కి మడిచేయాలి. మడిచినచోట పెయింటు పగులుతుంది. ప్రైమర్, సీమ్ సీలర్ వేయకుండా వదిలేస్తే తుప్పు మొదలయ్యేది అక్కడే.

ఇంత చేశాకా క్యాబ్ మౌంట్‌కు తగులుతుంటే ముందుగా అలైన్‌మెంట్ చేయించి, ఆ తర్వాత కోత. ఈ వరసే చాలా షాపుల్లో తలకిందులవుతుంది. లిఫ్ట్ వల్ల కాస్టర్ (స్టీరింగ్ ఇరుసు పైభాగం వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది, హైవే మీద స్టీరింగ్ తేలిపోయినట్టుంటుంది. కింది కంట్రోల్ ఆర్మ్‌కు ఉండే, తిప్పితే దాన్ని జరిపే క్యామ్ బోల్టులతో ఆర్మ్‌ను ముందుకు జరిపితే కాస్టరూ పెరుగుతుంది, చక్రమూ మౌంట్ నుంచి దూరమవుతుంది. అలైన్‌మెంట్ చేసేవాడికి "చక్రం ఎంత ముందుకు వస్తే అంత మంచిది, కాస్టర్ 3 డిగ్రీలు దాటాలి" అని విడమరిచి చెప్పండి. కంపెనీ అప్పర్ ఆర్మ్‌లతో మూడంగుళాల లిఫ్ట్ మీద అది రాకపోతే మార్కెట్లో దొరికే ఆర్మ్‌లు వేయాల్సిందే. కాకపోతే వాటిలో కాస్టర్ వచ్చేది పై బాల్ జాయింట్ (ఆర్మ్ చివర చక్రం తిరిగే కీలు) వెనక్కి జరగడం వల్ల. కాబట్టి స్క్రీన్ మీద అంకె బాగున్నా టైరు ముందుకు రాకపోవచ్చు.

ఆ తర్వాతా తగులుతుంటే మౌంట్ కోయాలి. బ్యాటరీ నెగెటివ్ తీసి, బ్రాకెట్ ముందు మూలను టైరు వలయానికి తగ్గట్టు ఏటవాలుగా గ్రైండర్‌తో కోయండి. టైరుకూ లోహానికీ మధ్య కనీసం అరంగుళం మిగలాలి. లోపల రబ్బరు బుష్ కూర్చున్న గిన్నె దాకా కోత వెళ్లకూడదు. తెరుచుకున్న మూతికి 3/16 అంగుళం మందం ప్లేటు వెల్డ్ చేయాలి. ప్లేటు లేకుండా వదిలేస్తే బ్రాకెట్ బలం పోతుంది, బురద లోపల పేరుకుంటుంది. వెల్డింగ్ ఆపి ఆపి చేయాలి, లేకపోతే రబ్బరు కాలుతుంది. పైన క్యాబిన్ లోపల కార్పెట్ ఉంటుంది కాబట్టి పక్కన ఒక మనిషి మంటలార్పే సిలిండర్‌తో నిలబడటం తప్పనిసరి.

టైరు 7 శాతం పెద్దది కాబట్టి మీటరు 60 చూపేటప్పుడు బండి దాదాపు 64లో ఉంటుంది. ఓడోమీటర్ కూడా ఆ మేరకు తక్కువ తిరుగుతుంది. మైలేజీ పడిపోయిందని గగ్గోలు పెట్టేముందు ఆ 7 శాతం కలిపి చూడండి. నిజంగా పడిపోయేదీ ఉంది. ఎక్కువ బరువు మోసే ఈ-రేంజ్ 285 టైరు చాలావరకు 50 పౌండ్లు దాటుతుంది. ఆటోమేటిక్‌లో 3.91 యాక్సిల్ గేరు నిష్పత్తి ఇప్పుడు 3.65లా పనిచేస్తుంది, చిన్న ఎత్తుకే ఆరో గేరు నుంచి దిగిపోతుంది. గేరు ఆలస్యంగా మార్చేలా చేసే ఈసీటీ పవర్ బటన్‌తో కొంత సర్దుకోవచ్చు. తరచూ ట్రైలర్ లాగేవాళ్లు చివరికి 4.88 గేర్లకు వెళ్తారు, అది టైర్ల ఖర్చును మించే పని. గాలి కూడా డోరు స్టిక్కర్ మీదున్న 30 పీఎస్‌ఐ దగ్గర ఆపకండి. ఎల్‌టీ (లైట్ ట్రక్) టైరు అదే బరువు మోయడానికి ఎక్కువ గాలి కావాలి. 35తో మొదలుపెట్టి, ట్రెడ్ మీద చాక్ గీత అడ్డంగా సమానంగా అరిగేదాకా సర్దుకోండి.

మన దగ్గర హైలక్స్ ఉన్నవాళ్లకు ఒక మాట: దాని 265/60ఆర్18 టైరు ఎత్తు కూడా ఇంచుమించు ఇంతే, లెక్క ఇలాగే వేసుకోవచ్చు. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నమైన మార్పులను ఒప్పుకోదు. కోత దాకా వెళ్లకముందే ఇన్సూరెన్స్ వాళ్లతో, ఆర్టీఓ ఆఫీసులో మాట్లాడుకోవడం నయం.

లగ్ నట్ల సంగతి చాలామంది మరిచిపోతారు. టకోమా అల్లాయ్ రిమ్ములకు వాషర్ ఉన్న చదును నట్లు వస్తాయి. బయట కొన్న రిమ్ములు ఎక్కువగా శంకువు ఆకారపు నట్లకే కుదురుతాయి. పాతవి వాటికి బిగిస్తే బిగిసినట్టే ఉండి వదులైపోతాయి. ఎం12x1.5 మరలో రిమ్ముకు తగ్గ నట్లు కొని, నక్షత్రం వరసలో 83 ఫుట్-పౌండ్లకు టార్క్ రెంచ్‌తో బిగించండి. 50 మైళ్ల తర్వాత మళ్లీ చూడండి. స్టెప్నీ కూడా ఐదో 285 అయితే మంచిది. చిన్న స్టెప్నీతో నడపాల్సివస్తే ఫోర్ వీల్ డ్రైవ్ వేయకండి, రెండు యాక్సిళ్లూ వేర్వేరు వేగాల్లో తిరుగుతూ ముందు, వెనక యాక్సిళ్లకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసును మెలిపెడతాయి.