మచు పిచ్చు గేటు దగ్గర మా అమ్మ పేరు

నిన్న రాత్రి డాలస్‌లో దిగాం. సూట్‌కేసులు ఇంకా హాల్లోనే ఉన్నాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు వాళ్లకు పెరూ కొండల్లో ‘ఇంకా’ రాజులు కట్టిన పాత ఊరు మచు పిచ్చు చూపిద్దామనుకునే మనవాళ్లు చాలామందే ఉన్నారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లయితే ఇది తప్పకుండా చదవండి.

వీసాతో గొడవేమీ లేదు. అమెరికా వీసాకి కనీసం ఆరు నెలల గడువుంటే ఇండియన్ పాస్‌పోర్టు వాళ్లకి పెరూ వేరే వీసా అడగదు. నాది గ్రీన్‌కార్డు, వాళ్లది పదేళ్ల విజిటర్ వీసా. లిమాలో స్టాంపు వేసి పంపించేశారు.

మచు పిచ్చుకి వెళ్లేవాళ్లు విమానం దిగే ఊరు కుస్కో 3,400 మీటర్ల ఎత్తు. పెద్దవాళ్లతో వెళ్తే మొదటి రాత్రి అక్కడ పడుకోకండి. మేం విమానం దిగగానే టాక్సీలో ఒయాన్‌తాయ్‌తాంబో వెళ్లిపోయాం. అది 2,800 మీటర్లే, కాబట్టి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతుంది. హోటల్లో కోకా ఆకుల టీ ఇచ్చారు. నాన్నకి తలనొప్పి సాయంత్రానికి తగ్గింది. ఆ ఆకులు గానీ టీ బ్యాగులు గానీ అమెరికాకి తేవద్దు, ఇక్కడ అది నేరం.

నాన్న ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మాది హనుమకొండ. వేయిస్తంభాల గుడి, రామప్ప గుడి చూస్తూ పెరిగినవాడు, రాయి కనిపిస్తే వదలడు. ఒయాన్‌తాయ్‌తాంబో కొండ మీద ఆరు పెద్ద రాతిపలకలు నిలబెట్టి ఉన్నాయి. వాటిని నది అవతలి కొండ మీద గనిలో తొలిచి, కిందికి దించి, నది దాటించి, మళ్లీ ఈ కొండ ఎక్కించారు. చక్రం లేదు, ఇనుము లేదు. ఎక్కించలేక దారిలో వదిలేసిన రాళ్లు ఇప్పటికీ పడి ఉన్నాయి. వాటిని అక్కడివాళ్లు ‘అలసిపోయిన రాళ్లు’ అంటారు. నాన్న ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

మర్నాడు లోయలో తిరిగాం. లమాయ్ అనే ఊళ్లో రోడ్డు పక్కన గినీ పందుల్ని కర్రకు గుచ్చి నిప్పుల మీద కాలుస్తారు. దాన్ని కుయ్ అంటారు. నాన్న సగం తిన్నాడు, కుందేలు మాంసంలా ఉంది, తోలు కరకరలాడుతోంది అన్నాడు. అమ్మ మాంసం మానేసి పదేళ్లయింది, కారు దిగలేదు. ఇంకో ఊళ్లో ఒక ఇంటి ముందు పొడుగాటి కర్రకు ఎర్ర కవరు కట్టి ఉంది. ఇవాళ చిచా ఉంది అని దానర్థం. మొలకెత్తిన మొక్కజొన్నను కాచి పులియబెడితే వచ్చే కల్లు అది. బెంచీ మీద ఒక ముసలాయన తాగేముందు గ్లాసులోంచి కొంచెం నేల మీద ఒంపాడు, పచమామకి, అంటే భూమితల్లికి. “సాక పోస్తుండు సూడు బిడ్డా” అన్నాడు నాన్న. బోనాల్లో అమ్మవారి ముందు మనం పోసేదీ అదే కదా.

ఇంతవరకూ అంతా హాయిగానే గడిచింది. ఇక అసలు సంగతి.

మచు పిచ్చుకి టికెట్ ఊరికే దొరకదు. 2024 నుంచి లోపలి దారుల్ని మూడు సర్క్యూట్లుగా విడగొట్టారు. ఏ సర్క్యూట్, ఏ రూటు, ఏ గంట అన్నీ ముందే ఎంచుకోవాలి. ఫొటోల్లో చూసే క్లాసిక్ దృశ్యం కావాలంటే సర్క్యూట్ 2. అది వారాల ముందే అయిపోతుంది. నేను మూడు వారాల ముందు చూస్తే లేదు. కుస్కోలో ఒక ఏజెంటు మూడు టికెట్లున్నాయన్నాడు. పాస్‌పోర్టు ఫొటోలు వాట్సాప్‌లో పంపమన్నాడు. నేను పాస్‌పోర్టు పేజీతో పాటు వీసా పేజీ కూడా పంపాను. నేను చేసిన మొదటి పొరపాటు అది. వచ్చిన టికెట్లలో తేదీ, టైము, సర్క్యూట్ చూశాను. అమ్మ టికెట్‌లో పేరు చూడలేదు.

రైల్లో మచు పిచ్చు కొండ కిందున్న ఆగ్వాస్ కాలియెంతెస్ చేరాం. ఆ ఊరికి బయటి నుంచి రోడ్డు లేదు, రైలు పట్టాలే దారి. మర్నాడు పొద్దున మనిషికి 12 డాలర్లిచ్చి బస్సెక్కి, మెలికలు తిరిగే మట్టిరోడ్డు మీద అరగంటలో గేటు దగ్గరికి వచ్చాం. మా టైము 9 గంటలు. నాన్న లోపలికెళ్లాడు. నేను వెళ్లాను. అమ్మ టికెట్ స్కాన్ చేసినతను పాస్‌పోర్టు తెరిచాడు, కాగితం చూశాడు, మళ్లీ పాస్‌పోర్టు చూశాడు. కాగితం మీద నంబరు కింద గోరు పెట్టి ఒక్కో అంకె జరుపుతూ వెళ్లి తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు చూశాను. మన పాస్‌పోర్టు నంబరు ఒక అక్షరంతో మొదలవుతుంది. టికెట్ మీద అక్షరమే లేదు, వట్టి అంకెలు. అవి అమెరికా వీసా మీద కింద ఎర్రగా అచ్చయ్యే నంబరు. పేరున్న చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని ఉంది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. అమ్మ పాస్‌పోర్టు తీసినప్పుడు ఫారం నింపినవాడు ఇంటిపేరుతో సహా మొత్తం పేరు ఒకే గడిలో పెట్టేసి ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశాడు. అలాంటి పాస్‌పోర్టుకి అమెరికా వీసా ఇచ్చేటప్పుడు, ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి జరిపి, అసలు పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు. ‘మొదటి పేరు తెలియదు’ అని దానర్థం. ఏజెంటు పాస్‌పోర్టు పేజీ వదిలేసి వీసా పేజీ చూసి టికెట్ తీశాడు.

వీసా పేజీ తీసి ఆ నంబరు ఇదేనని చూపించాను. నాకు వచ్చిన నాలుగు స్పానిష్ ముక్కలూ, ఫోన్లో ట్రాన్స్‌లేటరూ వాడాను. అతను పెద్దాయన్ని పిలిచాడు. ఆయన మర్యాదగానే చెప్పాడు. టికెట్ మీదున్న పేరూ నంబరూ చేతిలో ఉన్న పాస్‌పోర్టుతో కలవాలి, గేటు దగ్గర ఏదీ మార్చలేం. వాళ్ల తప్పేమీ లేదు, ఆ మాట కచ్చితంగా చెప్పాలి. కానీ వెనక లైను పెరుగుతోంది. అమ్మని తాడు పక్కకి జరిగి నిలబడమన్నారు. ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు టోపీలు సర్దుకుంటూ ఆమెని చూస్తూ లోపలికెళ్తున్నారు. చీర మీద స్వెట్టరు, కాళ్లకి నేను కొనిచ్చిన బూట్లు, రెండు చేతులతో పాస్‌పోర్టు పట్టుకుని నిలబడింది.

“ఏమంటుండు బిడ్డా?”

టికెట్‌లో పేరు తప్పు పడిందని చెప్పాను. ఏమని పడింది అని అడిగింది. చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను.

“నా పేరు తెల్వదని రాసిన్రా?”

అమ్మ ముప్పయ్యేళ్లు అంగన్‌వాడీ టీచర్‌గా చేసింది. ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ మొదటి రిజిస్టర్‌లో పేరు రాసింది ఆమే. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లై, బస్టాండులో ఎదురుపడితే ఆగి పేరుపెట్టి టీచరమ్మా అని పలకరిస్తారు. ఆమె ఇంకేమీ అనలేదు. కొంగు తీసి ముఖం తుడుచుకుంది.

నాన్నా నేనూ అప్పటికే లోపల ఉన్నాం. ఒకసారి బయటికొస్తే ఆ టికెట్‌తో మళ్లీ రానివ్వరు. నాన్నని చూసి రమ్మన్నాను. “మీ అమ్మ లేకుండ నేనొక్కణ్ని పోయి ఏం జూస్త?” అని గేటు దాటి బయటికి వచ్చేశాడు. ఆయన వెనకే నేనూ.

ఏజెంటుకి ఆరుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. చివరికి వాట్సాప్‌లో ఒక లైను వచ్చింది: మీరు పంపిన పేజీ చూసే చేశాం. అంతే. క్షమించండి అన్న మాట కూడా లేదు. ఒక మనిషి జీవితంలో ఒక్కసారి చేసే ప్రయాణం మీ చేతిలో పెడుతుంటే పది సెకన్లు ఆగి పేరు సరిచూసే ఓపిక లేనివాళ్లు ఈ పని ఎందుకు చేయాలి? ఏజెంటు దగ్గరకి వెళ్లొద్దని నేను ఎవరికైనా చెప్తాను. ప్రభుత్వ సైట్‌లో మీరే కూర్చుని, మీ చేత్తో, పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని తీసుకోండి. విదేశీయులకి 152 సోల్, దాదాపు 40 డాలర్లు.

ఆఫీసులో రాత్రిపూట సర్వర్లు పడిపోతే నిలబెట్టేది నేనే, కాబట్టి చేతులెత్తేయడం నాకు అలవాటు లేదు. కిందికి వచ్చాక హోటల్లో అడిగితే దారి దొరికింది. మర్నాటికి చెల్లే వెయ్యి టికెట్లు రోజూ ఆ ఊళ్లోనే కౌంటర్లో అమ్ముతారు. మన తిరుమలలో టోకెన్లలాగే. పొద్దున పాస్‌పోర్టు చూపిస్తే ఒక నంబరు ఇస్తారు. మధ్యాహ్నం ఆ వరసలో పిలిచి టికెట్ ఇస్తారు. ఎవరి పాస్‌పోర్టుతో వాళ్లు స్వయంగా రావాలి. మాకు ఎనిమిది వందల పైన నంబర్లు వచ్చాయి. పిలుపుకి నాలుగైదు గంటల టైముంది.

ఆకలేసి మార్కెట్ పైఅంతస్తులో భోజనాల చోటికి వెళ్లాం. అమ్మ వద్దంది. నేను బలవంతంగా కినువా సూప్ చెప్పాను. శాకాహారులు ఇక్కడ జాగ్రత్త. ‘సిన్ కార్నే’ అంటే మాంసం వద్దని మాత్రమే, వాళ్ల లెక్కలో కోడి అందులోకి రాదు. ‘సిన్ పోయో’ అని కూడా చెప్పాలి, సూప్ కాచిన నీళ్ల గురించి కూడా అడగాలి. సూప్‌తో పాటు ఉడికించిన దుంపలూ, ఒక చిన్న గిన్నెలో ఆకుపచ్చటి పచ్చడీ పెట్టారు. అమ్మ దుంప ముక్క అందులో ముంచి నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

“పల్లీలున్నయి. నూరిన్రు, మిక్సీల ఎయ్యలే.”

వండిన ఆవిడ చూస్తోంది. అమ్మ రెండు చేతులతో నూరుతున్నట్టు చూపించి, ఎలా చేశావని అడిగింది. ఆవిడ నవ్వి, అమ్మ చెయ్యి పట్టుకుని పొయ్యి వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ నేల మీద బల్లపరుపు రాయి, దాని మీద అర్ధచంద్రంలా ఉన్న ఇంకో బరువైన రాయి. దాన్ని బతాన్ అంటారు. మన సన్నెకల్లుకి అక్క అనుకోండి. పొత్రాన్ని మనం ముందుకీ వెనక్కీ తోస్తాం, వాళ్లు పై రాయిని అటూ ఇటూ ఊపుతారు. ఆవిడ ఒక మిరపకాయ తీసి కోసింది. దాని పేరు రొకోతో. చిన్న ఆపిల్‌లా గుండ్రంగా ఉంది, లోపల గింజలు నల్లగా ఉన్నాయి. నల్ల గింజల మిరపకాయ అమ్మ జన్మలో చూడలేదు. ఒక గింజ గోటితో తీసి వాసన చూసింది. హువాకాతాయ్ అనే ఆకు నలిపి ఇస్తే బంతాకు వాసన అంది. అది నిజంగానే బంతి జాతి మొక్క. వేయించిన పల్లీలు, ఉప్పు వేసి ఆ రాయి మీద నూరాక అమ్మని ఊపమంది. అమ్మ కొంగు నడుముకి దోపి కూర్చుంది. రెండు నిమిషాల్లో పట్టు దొరికింది.

ఆ పచ్చడిని ఉచుకుతా అంటారు. అక్కడి కెచువా భాషలో ఉచు అంటే మిరపకాయ, కుతా అంటే నూరడం. మన రోటి పచ్చడే. మిరప, టమాట, ఆలుగడ్డ, పల్లీ, మన వంటింట్లో ఇవన్నీ అటువైపు ఖండం నుంచి ఓడలెక్కి వచ్చినవే. ఈ సంగతి పుస్తకంలో చదవడం వేరు, అమ్మ అక్కడ కూర్చుని నూరుతుంటే చూడడం వేరు. చుఞో అనే ఎండు దుంపలు కూడా చూపించింది. రాత్రి కొండ మీద చలికి గడ్డకట్టించి, పగలు తొక్కి నీరు తీసి ఎండబెడతారట, ఏళ్లు నిలవుంటాయట. “ఒడియాల లెక్క” అంది అమ్మ.

బయల్దేరేముందు ఆవిడ అమ్మ గుండె మీద వేలుపెట్టి పేరడిగింది. అమ్మ చెప్పింది. ఆవిడ రెండుసార్లు తప్పుగా, మూడోసారి సరిగ్గా పలికింది.

మధ్యాహ్నం కౌంటర్లో సర్క్యూట్ 2 లేదు. కింది భాగం తిరిగే సర్క్యూట్ 3 దొరికింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదే మంచిదని ఇప్పుడు అంటాను, ఎక్కుడు తక్కువ. కౌంటర్లో అమ్మాయిని స్క్రీన్ ఇటు తిప్పమని బతిమాలాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని తన పేరు ఒక్కో అక్షరం చదివి, నంబరు రెండుసార్లు చూసి, సరే అంది.

మర్నాడు గేటు దాటడానికి పది సెకన్లు పట్టింది. గేటు దాటాక లోపల టాయిలెట్లు లేవు, బయటే 2 సోల్ ఇచ్చి వెళ్లి రండి. కొనకి రబ్బరు తొడుగున్న చేతికర్ర పెద్దవాళ్లకి రానిస్తారు.

నాన్నకి కావాల్సింది ఈ సర్క్యూట్‌లోనే ఉంది. కొండ ఊట నుంచి ముప్పావు కిలోమీటరు రాతికాలువలో నీళ్లు తెచ్చి, మెట్ల పక్కనే ఒకదాని కింద ఒకటిగా 16 తొట్లలోకి దించారు. పాచకూతి అనే ‘ఇంకా’ రాజు కాలంలో, అంటే 15వ శతాబ్దంలో కట్టిన కాలువ. నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి. మొదటి తొట్టి రాజు ఇంటి పక్కన. “టేలెండ్ దాకా నీళ్లొస్తున్నయి, ఆరు వందల ఏండ్లకు” అని నాన్న చాలాసేపు కదల్లేదు. వంపు గోడ ఉన్న సూర్య దేవాలయం అక్కడే. జూన్‌లో సూర్యుడు ఉత్తరం కొసకి చేరి దక్షిణానికి తిరిగే రోజు పొద్దుటి కిరణం దాని కిటికీలోంచి లోపలి బండ మీద పడుతుంది.

గైడు ఒక మాట చెప్పాడు. ఈ ఊరి అసలు పేరు మచు పిచ్చు కాకపోవచ్చని, పాత పటాలూ పత్రాలూ చూసిన పరిశోధకులు 2021లో రాశారట. 1911లో హిరామ్ బింగమ్ అనే అమెరికా పరిశోధకుడు వచ్చి ప్రపంచానికి చెప్పిన పేరే నిలబడిపోయింది గానీ, పాత కాగితాల్లో ఉన్నది హువాయ్నా పిచ్చు. నేను తెలుగులో చెప్పగానే అమ్మ ఆ గోడల వైపు చూసి, “గింత పెద్ద ఊరికే పేరు తప్పు రాసిన్రు” అంది. అప్పుడు నవ్వింది, గేటు దగ్గర ఆపిన మర్నాడు.

తిరుగు రైలు టికెట్లు పోయాయి, హోటల్ ఒక రాత్రి పెరిగింది, మొత్తం నాలుగొందల డాలర్ల పైన అదనం. కుస్కోలో చివరి రోజు సాన్ పెద్రో మార్కెట్‌లో పెద్ద గింజల మొక్కజొన్న కంకి, జున్నులాంటి తెల్ల చీజ్ ముక్కతో తిన్నాం. అమ్మ ఆ రొకోతో మిరప గింజలు తెస్తానంది, కస్టమ్స్ గురించి చెప్పి ఆపాను. ఏజెంటుకి రిఫండ్ కోసం పెట్టిన మూడు మెయిళ్లకూ ఇంకా జవాబు లేదు, నాలుగోది ఇవాళ పెడతాను. హనుమకొండ వెళ్లగానే పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి నింపించుకుంటానని అమ్మ అంటోంది. కావాల్సిన కాగితాలేంటో పొద్దుట్నుంచి నాతో ఫోన్లో వెతికించి, రాసుకుంటోంది.