కనబడని సవతి

ఈ రోజు ఆదివారం. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అత్తయ్యగారూ నేనూ ముందుగదిలో కూర్చుని 1956 నాటి ఒక అమెరికన్ టెలివిజన్ నాటకాన్ని చూశాము. లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో, 1941లో, ఆంగ్ల నాటకకర్త నోయెల్ కవర్డ్ వేల్స్‌కు వెళ్ళి వారం తిరగకుండా రాసిన ‘బ్లైత్ స్పిరిట్’ అది. ఆ యుద్ధకాలంలో మొదలై లండన్‌లో 1,997 ప్రదర్శనలు ఆడింది. 1956 జనవరి 14న అమెరికన్ టెలివిజన్ సంస్థ సీబీఎస్ దీనిని హాలీవుడ్ నుంచి ప్రత్యక్షంగా ప్రసారం చేసినప్పుడు, భర్త చార్లెస్ వేషం కవర్డే వేశాడు. రెండో భార్య రూత్‌గా క్లాడెట్ కోల్బర్, చనిపోయిన మొదటి భార్య ఎల్వైరాగా లారెన్ బకాల్ నటించారు.

అత్తయ్యగారికి ఇంగ్లీషు రాదు కనుక నేను పక్కనే ఉండి కథ చెబుతూ వచ్చాను. చార్లెస్ నవలలు రాసేవాడు. రాయబోయే పుస్తకానికి పనికివస్తుందని ఆత్మలను పిలిచే ఒక పెద్దావిడను భోజనానికి పిలిస్తే, ఏడేళ్ళ క్రితం పోయిన ఎల్వైరా నిజంగానే వచ్చి ఇంట్లో తిష్ఠ వేస్తుంది. ఆమె అతనికి తప్ప రూత్‌కు కనబడదు, వినబడదు. అతడు ఎల్వైరాను నోరు మూసుకోమని కసిరితే, ఆ మాట తననే అన్నాడని రూత్ నొచ్చుకుంటుంది. ఒకే మాట ఇద్దరు భార్యలకు రెండు విధాలుగా తగలడంలోనే ఈ నాటకంలోని హాస్యమంతా ఉంది.

నన్ను కట్టిపడేసినది మాత్రం రూత్ వేషంలోని కష్టం. ఎదురుగా మనిషి నిలబడి మాట్లాడుతున్నా చూపు ఆమె మీద ఆగకూడదు, ఆమె గొంతుకు కనురెప్ప అదరకూడదు, ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగుతున్నట్టు తెలియకుండానే ఆగాలి. తప్పు దొర్లితే మళ్ళీ తీసే వీలు లేని ప్రసారంలో ఆ నిగ్రహాన్ని చివరిదాకా నిలుపుకోవడం ఎంత సాధనతో వచ్చిందో అనిపించింది. దెయ్యం వేషం వేసిన వారికే చప్పట్లు ఎక్కువ పడతాయి గానీ, ఆ దెయ్యాన్ని మనం నమ్మేది చూడని మనిషి వల్లనే.

అత్తయ్యగారు మామయ్యగారికి రెండో భార్యగా ఈ ఇంటికి వచ్చారు. మొదటి ఆవిడ ఫోటో టీవీకి పైన గోడ మీదే ఉంది. ప్రతి శుక్రవారమూ దానికి మల్లెదండ మార్చేది అత్తయ్యగారే. పెళ్ళయి ఐదేళ్ళయినా ఎల్వైరా ఎంత అందగత్తో భర్త నోటనే వినవలసివచ్చిన రూత్‌ను చూసి ఆవిడ నవ్వలేదు.

“ఆ అమ్మాయికి దెయ్యం ముందునుంచీ తెలుసే, అమ్మాయీ. ఇవాళ కొత్తగా వచ్చిందేమీ కాదు,” అన్నారు.

నేను చూపు ఎత్తి ఫోటో వైపు చూశాను, ఆవిడ చూడలేదు. తరువాత ఎల్వైరా భర్తను తనతో తీసుకుపోవడానికి కారు పాడుచేస్తే అందులో రూత్ వెళ్ళి చనిపోతుంది. ఆ ఘట్టంలో అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పైన ఇద్దరూ దెయ్యాలై చార్లెస్‌ను రెండువైపులా వాయిస్తుంటే మాత్రం ఆవిడ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

రాత్రి భోజనాలయ్యాక, రూత్ మొదటిసారి అపార్థం చేసుకున్న ఆ ఘట్టం ఒక్కటీ మళ్ళీ పెట్టమని అడిగారు. ఈసారి నన్ను కథ చెప్పవద్దన్నారు.