పేరులోని తొలి అక్షరం, డాలస్ నుంచి కేసరపల్లి దాకా

నేను గుంటూరు బ్రాడీపేటలో పెరిగి, డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా ప్రాజెక్టులో సర్వర్ కోడు ఇక్కడ రాస్తాం. దాన్ని వాడుకునే తెరలను విజయవాడ పక్కన కేసరపల్లి ఐటీ పార్కులో పనిచేసే మనవాళ్లు తయారుచేస్తారు. వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా ఉండటంతో వాళ్లు ఇంటికి బయలుదేరే వేళకు మేము పనిలో కూర్చుంటాం. ఆ కాస్త సమయంలో తేలని సమస్య మర్నాటికి పోయినట్టే.

సర్వర్ నుంచి తెరలకు డేటా పంపే పాత వెబ్ ఏపీఐ అప్లికేషన్‌ను మైక్రోసాఫ్ట్ కొత్త ఫ్రేమ్‌వర్క్ ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌కు మార్చిన వారంలో అటునుంచి ఒక అబ్బాయి ఫోన్ చేసి, "అన్నా, వరసలన్నీ వస్తున్నాయి గానీ గడులన్నీ ఖాళీగా ఉన్నాయి" అన్నాడు. బ్రౌజర్ కన్సోల్‌లో ఒక్క ఎర్ర గీత కూడా లేదు. నెట్‌వర్క్ ట్యాబ్ తెరిపించి చూస్తే సరఫరాదారుల పేర్లు, మొత్తాలు, తేదీలు అన్నీ జేసన్‌లో (డేటాను పేరు, విలువ జతలుగా పంపే రాత రూపం) భద్రంగా ఉన్నాయి. ప్రతి ప్రాపర్టీ (ఒక్కో విలువను పట్టుకునే అంశం) పేరులో తొలి అక్షరం మాత్రం పెద్దది కాస్తా చిన్నదైంది.

మేము సర్వర్ కోడు రాసే భాష సీషార్ప్‌లో ప్రాపర్టీ పేర్లను పెద్దక్షరంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. పాత వెబ్ ఏపీఐ వాటిని ఉన్నవున్నట్టే పంపేది. 2016లో వచ్చిన కోర్ మొదటి వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా క్యామెల్ కేస్‌లోకి, అంటే తొలి అక్షరం చిన్నదిగా ఉండే రూపంలోకి మార్చి పంపుతోంది. తెరలేమో పాత పేర్లతోనే అడుగుతున్నాయి. జావాస్క్రిప్ట్‌లో లేని ప్రాపర్టీని అడిగితే తప్పు చూపదు, 'అన్‌డిఫైన్డ్' అని ఊరుకుంటుంది. అందుకే లోపం పుట్టింది మా వైపే అయినా, కనబడింది మాత్రం వాళ్ల తెరమీద. ఇక్కడి సమావేశంలో వచ్చిన మొదటి మాట "ఇండియా టీమ్ ఏదో చెడగొట్టింది" అన్నదే. అది నన్ను చాలా బాధపెట్టింది. సర్వర్ పంపిన జవాబు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించేదాకా నేను కూర్చోలేదు.

ప్రతి ప్రాపర్టీ మీదా అది ఏ పేరుతో వెళ్లాలో చెప్పే గుర్తు, జేసన్ ప్రాపర్టీ నేమ్ అట్రిబ్యూట్, అతికిద్దామని కొందరు అన్నారు. అది నాకు నచ్చలేదు. బయటి సంస్థ కోరిన ఒకటీ అరా వింత పేరుకు అట్రిబ్యూట్ సరిపోతుంది గానీ, అప్లికేషన్ అంతటికీ వర్తించే నియమం అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు నడిచే స్టార్టప్ కోడులో ఒక్కచోట, ప్రాపర్టీ నేమింగ్ పాలసీగా ఉండాలి. దానికి నల్ (ఏ విలువా లేదని) ఇస్తే పేర్లు కోడులో ఉన్నట్టే వెళ్తాయి. మేము క్యామెల్ కేస్‌నే ఎంచుకుని, అది డిఫాల్టే అయినా పైకి కనబడేలా రాశాం.

డిఫాల్ట్‌ను నమ్ముకోకపోవడానికి బలమైన కారణం ఉంది. 2019 సెప్టెంబరులో డాట్‌నెట్ కోర్ 3.0తో ఆబ్జెక్టులను జేసన్‌గా మార్చే న్యూటన్‌సాఫ్ట్ లైబ్రరీ స్థానంలోకి సిస్టమ్ టెక్స్ట్ జేసన్ వచ్చింది. వెబ్ జవాబులు క్యామెల్ కేస్‌లోనే కొనసాగాయి. కానీ రాత్రిపూట దానంతటదే నడిచే ప్రోగ్రాములో (జాబులో) ఆ లైబ్రరీ మార్పిడి సాధనం జేసన్ సీరియలైజర్‌ను నేరుగా పిలిస్తే పేర్లు మారవు, పైగా చదివేటప్పుడు అక్షరాల తేడాను ఖచ్చితంగా పాటిస్తుంది. న్యూటన్‌సాఫ్ట్ ఆ తేడాను పట్టించుకునేది కాదు. కనుక వెబ్ జవాబును దాచిన ఫైలును ఆ జాబు చదివితే ఆబ్జెక్టు తయారవుతుంది, లోపల విలువలు మాత్రం ఉండవు. డాట్‌నెట్ 5లో వచ్చిన 'వెబ్' డిఫాల్ట్స్‌ను ఆప్షన్స్‌గా ఇస్తే రెండుచోట్లా ఒకే పద్ధతి నడుస్తుంది.

డిక్షనరీ కీల (కోడులో రాసినవి కాక, డేటాను బట్టి వచ్చే పేర్ల) సంగతి వేరు. వాటికి విడిగా పాలసీ ఉంది, దాన్ని మేము ముట్టుకోలేదు. గోదాముల కోడ్‌లు కీలుగా వెళ్లేచోట అక్షరం మారితే అది డేటానే మార్చినట్టవుతుంది.

జవాబులోని పేర్లను సరిచూసే టెస్టు ఇప్పుడు రెండు వైపులా నడుస్తోంది. పొడి అక్షరాల పేర్ల దగ్గరే కొంత చర్చ జరిగింది. జీఎస్‌టీఐఎన్ (జీఎస్‌టీ నమోదు సంఖ్య) అన్న ప్రాపర్టీలో తొలి అక్షరం ఒక్కటే చిన్నదవుతుందని కేసరపల్లి వాళ్లు అనుకున్నారు. సీరియలైజర్ అయిదక్షరాలనూ చిన్నవి చేస్తుంది. చేత్తో రాసిన పేరు కాకుండా సీరియలైజర్ నిజంగా పంపే పేరునే టెస్టులో పెట్టాలని ఫోన్‌లోనే తేల్చుకున్నాం, ఆ సాయంత్రమే వాళ్లు తెరలో మార్చారు.